పగిలిన గిన్నెకు బంగారు అతుకు

జపానీయులు పగిలిన పింగాణీని ఉరుషి యను చెట్టుపాలతో నతికి, ఆ అతుకుపై బంగారుపొడి యద్దుదురు. ఈ పనికి కింత్సుగి యని పేరు. 1998లో సైబర్ టవర్సు వెలసిన మన మాదాపూరు ప్రాంతమున, దీనికి వలయు సామగ్రిని పెట్టెలుగా తెప్పించుకొనువారు కలరు. అట్టి పెట్టెలలో పెక్కింట నుండునది ఎపాక్సీ జిగురును, బంగారువన్నె పొడియును మాత్రమే. ఒక పూటలో పని ముగియును. చూపునకు ముచ్చటయే, కాని దానిని కింత్సుగి యనుట న్యాయము కాదని నా యభిప్రాయము.

ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగువలన కలుగును. ఉరుషి చెట్టునుండి కారును. ఆ చెట్టు మామిడికిని జీడికిని జ్ఞాతి. నల్లజీడి సొన తగిలిన ఒడలు పొక్కునని మన పల్లెవా రెరుగుదురు గదా! పచ్చి ఉరుషియు నట్టిదే. చేతితొడుగులు లేక ముట్టరాదు. మరియొక వింత యేమనగా, ఇది ఎండలో ఆరదు. తేమ నూటికి 70 పాళ్లకు మించిన వెచ్చని చోటనే గట్టిపడును. కచేరీల శీతలయంత్రపు గదులకంటె శ్రావణపు ముసురే దీనికి హితము. గోధుమపిండి కలిపిన ఉరుషితో నతికిన ముక్కలు పట్టుటకే వారములు కావలెను. పిమ్మట సందులు పూడ్చి, నునుపుచేసి, ఎఱ్ఱని పూతపై బంగారము చల్లవలెను.

నేనును జిగురుతో నొక కప్పు నతికితిని. అలమరలో అందముగానే యున్నది. దానిలో వేడి తేనీరు మాత్రము పోయను. కంచరి బిందెకు మాటు వేసి, మాటనియే చెప్పును. మనమును జిగురతుకును జిగురతుకే యందము. చేతిపనుల తరగతిలో పెద్దపిల్లలకు ఉరుషిపని నేర్పదలచినచో ఆషాఢముననే మొదలిడవలెను. దసరా సెలవులనాటికి ఒక్క గిన్నె ముగిసినను చాలును.