తాళం అధికారి చేతిలోనే ఉండాలి

అబ్దుల్లాపూర్‌మెట్‌లో భూమి రికార్డుకున్న విలువ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019 నవంబర్ 4న తహసీల్దార్ విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే సజీవ దహనం చేసిన ఘోరం వెనుక ఉన్నది భూవివాదమే. మరుసటి ఏడాది ధరణి పోర్టల్‌తో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ కూడా తహసీల్దార్లకే వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరేదైనా, ఒకప్పుడు పహాణీల బీరువాకు వేసిన తాళం ఇవాళ లాగిన్‌గా, డిజిటల్ సంతకంగా మారింది. దానికి జవాబుదారు కంప్యూటర్ ఆపరేటర్ కాదు, కార్యాలయ అధిపతేనని మేం గట్టిగా చెబుతున్నాం.

2023 మార్చిలో బయటపడ్డ టీఎస్‌పీఎస్సీ ప్రశ్నపత్రాల లీకేజీయే ఇందుకు పెద్ద సాక్ష్యం. బయటి దొంగలెవరూ గోడ దూకి రాలేదు. కమిషన్ కార్యదర్శి వద్ద పనిచేసే సహాయకుడు, నెట్‌వర్క్ చూసుకునే పొరుగుసేవల ఉద్యోగి కలిసి కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్ నుంచి పత్రాలు కాజేశారన్నది పోలీసుల అభియోగం. 503 పోస్టుల కోసం దాదాపు 2.86 లక్షల మంది రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. కోచింగ్‌కు అప్పులు చేసిన ఇళ్లకు ఆ నష్టం ఎవరు తీర్చారు? ఏ కంప్యూటర్ ఎవరికి అందుతోంది, ఎందుకు అందుతోంది అని అడగడానికి సాంకేతిక విద్య అక్కర్లేదు, అడిగే అధికారం కావాలి. అది పైవారికే ఉంటుంది. 2022 జనవరిలో మహేశ్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొడితే, భద్రతా లోపాలకు రిజర్వ్ బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది బ్యాంకు మీదే, ఏ గుమాస్తా మీదా కాదు.

తహసీల్దార్‌కు ఎన్నికలు, ప్రోటోకాల్, ధ్రువపత్రాలు, కోర్టు కేసులు ఉండగా ఈ బరువు కూడానా అంటారు. పని భారం నిజమే. దానికి మందు సిబ్బందిని పెంచడం. సంతకం చేసే తాళాన్ని పక్కవారికి అప్పగించడం కాదు. తనిఖీలతో రైతు పని ఆలస్యమవుతుందన్న వాదనలోనూ పస లేదు. ఒక తప్పుడు మ్యుటేషన్‌ను సరిచేయించుకోవడానికి ఆ రైతు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాలి.

బదిలీ అయిన ఉద్యోగి లాగిన్‌ను ఆ రోజే మూసేయాలి. ఎవరు ఏ రికార్డు తెరిచారో నెలనెలా తహసీల్దారే చూసి సంతకం పెట్టాలి. పొరపాటు జరిగిందని ముందుగా వచ్చి చెప్పిన చిన్న ఉద్యోగిని బలి చేయకూడదు. భయం ఉన్నచోట లోపం దాగుతుంది. జిల్లా కలెక్టర్ ఈ కట్టుబాటును అబ్దుల్లాపూర్‌మెట్ నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాం.