అర్ధరాత్రి "నన్ను లేపండ్రా" అంటున్నాడా మీవాడు?

మాచర్ల నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా పెద్దవాడు ఇంటర్ రెండో సంవత్సరం. శనివారం వచ్చిందంటే రాత్రి పదకొండు దాటాక కంప్యూటరు ముందు కూర్చుని, చెవులకు ఆ డిప్పలు తగిలించుకుని, 'పడిపోయాన్రా, వచ్చి లేపండ్రా, వెనక నుంచి వస్తున్నాయిరా' అని అరుస్తుంటాడు. ఏందిరా అదంటే జాంబీలు అంటాడు. మా అత్తగారు గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమంటున్నారు. నాకైతే ఆ డబ్బా తీసుకెళ్ళి ఎత్తిపోతల గుండంలో పారేయాలని ఉంది. ఏం చెయ్యమంటారు?"

గుండంలో మాత్రం పారెయ్యకండి. అక్కడ మొసళ్ళున్నాయి, వాటికెందుకీ గొడవ!

ముందు ఈ జాంబీ అంటే ఏమిటో చూద్దాం. మన దెయ్యానికి ఒక కథ ఉంటుంది. తీరని కోరికో, పగో, పిల్లల మీద మమకారమో ఉంటుంది. జాంబీకి అవేవీ లేవు. చచ్చి లేచిన శవం, దానికి తెలిసిందల్లా ఆకలి. మాట మొదట హైతీ దీవి జానపద కథల్లోది. మనుషుల్ని తినే గుంపులుగా దాన్ని వెండితెర మీదికి తెచ్చింది 1968లో అమెరికాలో జార్జ్ రొమెరో తీసిన సినిమా. మనవాళ్ళూ వెనకబడలేదు. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ "జాంబీ రెడ్డి" తీశారు, తేజ సజ్జా హీరో. అందులో హీరో చేసే పనేమిటో గుర్తుందా? వీడియో గేములు తయారు చెయ్యడం. స్నేహితుడి పెళ్ళికని రాయలసీమ వెళ్ళి జాంబీల మధ్య ఇరుక్కుంటాడు.

ఇక ఆట సంగతి. ఇందులో నలుగురు పిల్లలు ఒకే పక్షం. ఒకళ్ళనొకళ్ళు ఓడించుకోవడం ఉండదు, నలుగురూ కలిసి ఆ గుంపు నుంచి ప్రాణాలు కాపాడుకోవాలి. పిల్లలు దీన్నే కో-ఆప్ అంటారు. మన కో-ఆపరేటివ్ బ్యాంకులో ఉన్న మాటే. ఆట జరిగే చోటును మ్యాప్ అంటారు. పాడుబడ్డ బంగళా ఒక మ్యాపు, చిత్తడి నేల ఒక మ్యాపు, మూతబడ్డ ఫ్యాక్టరీ ఒక మ్యాపు. "కొత్త మ్యాప్ అన్‌లాక్ అయింది" అని మీవాడు గంతులేస్తే, కొత్త ఇంటి తాళం చేతికొచ్చిందని అర్థం చేసుకోండి.

ఈ తాళం ఎలా వస్తుందన్నదే మనలాంటి తల్లులు తెలుసుకోవలసింది. జాంబీలు మంచివా చెడ్డవా అన్న చర్చ కంటే ఇది ముఖ్యమని నా ఉద్దేశం.

2008లో "కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్" అనే యుద్ధం ఆట వచ్చింది. దాన్ని తయారు చేసిన ట్రేయార్క్ కంపెనీ వాళ్ళు చివర ఒక చిన్న జాంబీల ఆట దాచిపెట్టారు. అసలు కథ మొత్తం ఆడి ముగిస్తే తప్ప అది తెరుచుకోదు. పండగనాడు పని పూర్తయ్యాకే పాయసం గిన్నె మూత తీసినట్టన్నమాట. ఆ మొదటి మ్యాపు పేరు జర్మన్ మాటల్లో "నాఖ్ట్ డెర్ అన్‌టోటెన్", చచ్చి లేచినవాళ్ళ రాత్రి అని. ఒక పాడు బంగళా, చుట్టూ కిటికీలు. ఒక్కొక్కరికి మొదట 500 పాయింట్లు ఇస్తారు. జాంబీలు కిటికీల చెక్కలు పీకేస్తుంటే పిల్లలు మళ్ళీ బిగించాలి, చెక్కకు 10 పాయింట్లు. లోపలి గది తలుపు తెరవాలంటే 1000 కట్టాలి. ఏ తుపాకి వస్తుందో తెలియని పెట్టె ఒకటుంది, దానికి 950. ఉన్న పాయింట్లు పెట్టెకు తగలేస్తే తలుపుకు మిగలవు. తలుపు తెరిచేస్తే పారిపోవడానికి చోటు పెరుగుతుంది గానీ, జాంబీలు రావడానికీ దారులు పెరుగుతాయి. నెల మొదట్లో జీతం కవరు పెట్టుకుని మనం చేసే ఆలోచన ఇదే కదండీ! ఒకడు కింద పడితే తనంత తాను లేవలేడు. పక్కవాడు తుపాకి పక్కన పెట్టి, దగ్గర కూర్చుని లేపాలి. లేపకపోతే ఆ రౌండు అయ్యేదాకా పడ్డవాడు చూస్తూ ఉండాల్సిందే. మాచర్ల అబ్బాయి అరిచే "లేపండ్రా" ఇదే. గాలీ లేదు ధూళీ లేదు.

అయితే ఇక్కడో చిక్కుంది. ఆ బంగళాకు ముగింపు లేదు. ఒక రౌండు గట్టెక్కితే తరవాతి రౌండులో ఇంకా ఎక్కువమంది వస్తారు, ఇంకా గట్టిగా వస్తారు. నలుగురూ పడిపోయేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది. "ఇదయ్యాక వస్తానమ్మా" అని మీవాడన్నది అబద్ధం కాకపోవచ్చు. ఆ "ఇది" అవ్వదు, అంతే.

అదే ఏడాది నవంబరులో వాల్వ్ అనే కంపెనీ "లెఫ్ట్ ఫర్ డెడ్" తెచ్చింది. ఇది వేరే తీరు. ఇందులో మ్యాపులకు తాళాల్లేవు, కొన్న రోజునుంచే కథలన్నీ తెరిచి ఉంటాయి. ఒక చోట బయల్దేరి ఇనప తలుపున్న గదికి చేరాలి, నలుగురూ లోపలికొచ్చాక తలుపు వేసుకుంటే ఆ భాగం అయిపోయినట్టు. దీని రెండో భాగం 2009లో వచ్చింది. అందులో "హార్డ్ రెయిన్" అని ఒక కథ. పడవకు ఇంధనం కోసం ఊళ్ళోకి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు దారి బాగానే ఉంటుంది. తిరిగొచ్చేసరికి తుఫాను, వీధుల్లో నీళ్ళు, ఎదుట ఏముందో కనిపించదు, పక్కవాడి కేక వినిపించదు. దివిసీమ తుఫాను చూసిన మా అత్తగారు మనవడి వెనక నిలబడి చూసి, "అచ్చం ఇట్టాగేనే" అన్నారు. ఈ ఆటలో కొన్ని జాంబీలు మీదపడి పట్టుకుంటే, పట్టుబడ్డవాడు ఏం చేసినా విడిపించుకోలేడు. ఇంకొకడు వచ్చి విడిపించాల్సిందే. గొప్ప కోసం ఒక్కడే ముందు పరిగెత్తినవాడు అక్కడే అయిపోతాడు.

మా ఇంట్లో నాలుగు కుటుంబాల పిల్లలు ఆడేది ఈ రెండో భాగమే. పాతది కాబట్టి పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. ఒకడు నరసరావుపేట, ఒకడు మాచర్ల, అమ్మాయి హైదరాబాదు, మా అక్క కొడుకు డల్లాసు. చలికాలంలో మనకు రాత్రి పది అయితే అక్కడ ఉదయం పదిన్నర. వాడు నిద్రలేచి పళ్ళు తోముకుని వచ్చేసరికి వీళ్ళకు పడుకునే వేళ అవుతుంది. ఉత్తరం రాసిన సోదరీ, మీవాడు శనివారం అర్ధరాత్రే ఎందుకు ఆడుతున్నాడో ఒకసారి అడిగి చూడండి. అవతల ఏ పెదనాన్న కొడుకో, మేనత్త కూతురో ఉండి ఉండవచ్చు.

మొన్న డిసెంబరు సెలవుల్లో ఆ నలుగురినీ తీసుకుని ఎత్తిపోతల వెళ్ళాం. చంద్రవంక నీళ్ళు వానాకాలమంత లేవు గానీ, డెబ్బై అడుగుల మీద నుంచి పడుతుంటే ఆ చప్పుడు చప్పుడే. మూడేళ్ళ తరవాత కలుసుకున్న పిల్లలు. అరగంట దాకా ఒకరితో ఒకరు మాట్లాడితే ఒట్టు! చుట్టాల పెళ్ళికొచ్చిన పరాయివాళ్ళలాగా రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఉన్నట్టుండి అమ్మాయి డల్లాసు వాడితో, "బావా, ఆవేళ తలుపేసేసి నన్ను బయట జాంబీలకు వదిలేసింది నువ్వేగా" అంది. ఇక చూడండి, పులిహోర పొట్లాలు విప్పేదాకా అదే రభస.

తిన్నాక మా అమ్మ వాళ్ళను కూర్చోబెట్టి, సుద్దముక్కతో నేలమీద పులిమేక గీసింది. ఇరవైమూడు స్థానాలు, మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. మేక వెనక స్థానం ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి తినేస్తుంది. వెనక ఇంకో మేక నిలబడి ఉంటే దూకలేదు. మేకలు ఒకదానికొకటి ఆనుకుని, మెల్లిగా పులులను కదలకుండా కట్టెయ్యాలి. డల్లాసు వాడు కాసేపు చూసి, "అమ్మమ్మా, ఇది కో-ఆప్" అన్నాడు. నలుగురూ మేకలయ్యారు, ఆవిడ పులులు. వరసగా మూడాటలు ఆవిడే గెలిచింది. నాలుగో ఆటకి వాళ్ళు ఎవరికి తోచిన పిక్క వాళ్ళు జరపడం మానేసి, ముందు మాట్లాడుకుని జరిపారు. అప్పుడు పులులు కట్టుబడ్డాయి.

పులిమేకలో కొనేదేమీ లేదు. కంప్యూటరు ఆటల్లో ఉంది. ఆ పాడు బంగళా తరవాత 2009లో వచ్చిన మూడు మ్యాపులూ పిల్లలు గెలిస్తే తెరుచుకునేవి కావు, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోళ్ళలో విడిగా డబ్బిచ్చి కొనుక్కోవలసినవి. "కిల్లింగ్ ఫ్లోర్" అని 2009లో వచ్చిన ఇంకో ఆటకు మాత్రం ఆడేవాళ్ళే మ్యాపులు తయారు చేసి ఉచితంగా పంచుకున్నారు. అంటే ఇందులో ఒక్క తీరని లేదు, ఏ ఆటకా ఆటను విడిగా చూసుకోవాలి.

ఫోను ఆటలతో మరీ జాగ్రత్త. అక్కడ మ్యాపు చాలావరకు ఊరికే ఇస్తారు, చొక్కాలూ తుపాకుల రంగులూ అమ్ముతారు. ఇచ్చిన మ్యాపు ఉంటుందన్న నమ్మకమూ లేదు. "కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్"లో 2019లో పెట్టిన జాంబీల ఆటను 2020లో తీసేశారు. అదే 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం పబ్‌జీని నిషేధించింది. దాని బదులు 2021లో మనదేశానికని వచ్చిన ఆటలో పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రుల ఫోను నంబరు కావాలన్నారు, రోజుకు మూడు గంటలే అన్నారు, బాగానే ఉంది. ఖర్చుకు పెట్టిన హద్దు మాత్రం రోజుకు 7000 రూపాయలు. నెలకు కాదు, రోజుకు! ఆ హద్దు ఏ ఇంటి లెక్క చూసి పెట్టారో మరి.

మా ఆడపడుచు ఫోనులో పిల్లవాడు ఒక ఆటకు ఎనభై తొమ్మిది, నూట యాభై తొమ్మిది, అలా చిన్నచిన్న మొత్తాలు కట్టుకుంటూ పోయాడు. నెలాఖరున పాలవాడికి ఫోనులో కట్టబోతే డబ్బు లేదంది. అప్పుడు లెక్క తీస్తే నాలుగు వేలు దాటింది, అది డ్వాక్రా వాయిదా కోసం ఉంచుకున్న సొమ్ము. వాడు దొంగతనం చేశాననుకోలేదు. "తలుపు తెరవడానికి పాయింట్లు కడతాం కదత్తా, అట్టాగే అనుకున్నా" అని నాతో అన్నాడు. తొమ్మిదేళ్ళవాడికి ఆ రెండు తలుపులకూ తేడా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ప్లే స్టోరు సెట్టింగుల్లో, ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఈ పూటే పెట్టండి. పాస్‌వర్డ్ మీ పెళ్ళిరోజు కాకుండా చూసుకోండి, పిల్లలకు అది తెలుసు.

ఇంకొక మాట. నేను చెప్పిన కాల్ ఆఫ్ డ్యూటీ, లెఫ్ట్ ఫర్ డెడ్ రెండూ అమెరికాలో పదిహేడేళ్ళు నిండినవాళ్ళకని ముద్ర వేసి అమ్మినవి. రక్తం బాగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ తమ్ముడు అన్న పక్కన కూర్చుని చూడడం నాకు నచ్చదు. చిన్నవాళ్ళు అంతగా పేచీ పెడితే 2009లో వచ్చిన "ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్" ఉంది. ఇంటిముందు పొద్దుతిరుగుడు మొక్కలు నాటాలి, అవి ఇచ్చే ఎండతో బఠాణీ తీగలు కొనాలి, ఆ బఠాణీలు జాంబీలను కొడతాయి. మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళు జాగ్రత్త, మీరే కూర్చుండిపోతారు.

మాచర్ల సోదరికి చివరగా చెప్పేది. మీవాడు ఆడేది ముగింపు లేని మ్యాపా, గది దగ్గర ఆగే మ్యాపా అని అడగండి. రెండోదైతే "ఈసారి తలుపేసుకోగానే లే" అనండి, లేస్తాడు. మొదటిదైతే ఎన్నో రౌండు దగ్గర ఆపాలో నలుగురూ ముందే ఒప్పుకుని మొదలుపెట్టమనండి. మధ్యలో ప్లగ్గు పీకితే మిగతా ముగ్గురూ ఓడిపోవచ్చు, ఆ కోపం ఆదివారం మీ ఇడ్లీల మీద తీరుతుంది. చెవుల్లో వినిపించే గొంతులు ఎవరివో పేరుపేరునా చెప్పించుకోండి. పేరు చెప్పలేని గొంతుంటే దాన్ని మూయించమనండి, ఆటలోనే ఆ వీలుంది. తాయెత్తు సంగతి మీ అత్తగారి ఇష్టం, కట్టినా ఆటకేం అడ్డం రాదు.