ఎంఎస్ చదువు: వీసా కోసం కాదు, విద్య కోసం

షాలిమార్, శిబ్‌పూర్, సాంత్రాగాచి, గార్డెన్ రీచ్, ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



మన పెద్దలు రైల్వే కొలువుల మీదా, మిల్లు పనుల మీదా వచ్చి ఈ హుగ్లీ తీరానా, ఖరగ్‌పూర్‌లోనూ కాపురాలు పెట్టారు. వాళ్ళ మనవలు, మనవరాళ్ళు నేడు ఇంజినీర్లు. బీటెక్ పట్టా చేతికి రాగానే ఇంట్లో విదేశీ ఎంఎస్ ప్రస్తావన మొదలవుతోంది. అది మంచి కోరికే. అయితే ఏ కోర్సు, ఏ ప్రొఫెసర్, ఏ ప్రయోగశాల, ఎంత అప్పు అని అడగకుండా ప్రయాణం కట్టడం తప్పు. ఆ పద్ధతి మారాలని అడగడానికే ఈ కరపత్రం.

విదేశీ విద్య ఏం చేయగలదు?

కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు గారు 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. తిరిగొచ్చి, నాగార్జునసాగర్ నిర్మాణానికి తన విద్యను ధారపోశారు. 1963 నుంచి పదేళ్ళు కేంద్రంలో నీటిపారుదల శాఖ చూశారు. పూడిపోతున్న కలకత్తా రేవును కాపాడటానికి గంగ నీటిని హుగ్లీకి మళ్ళించే ఫరక్కా బ్యారేజీ పనులు సాగింది ఆ కాలంలోనే. 1975లో ఆ బ్యారేజీ ప్రారంభమైంది. షాలిమార్ పక్కన పారే నది కథలో ఒక తెలుగు ఇంజినీరు చదువుకూ చోటుందని మన పిల్లలకు చెప్పాలి.

విదేశీ చదువు బలమంతా పనిచేయించే తీరులో ఉంది. ఇక్కడ నాలుగేళ్ళూ ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాసిన విద్యార్థి, అక్కడ థీసిస్ ఎంచుకుంటే ప్రశ్నను తానే వెతుక్కోవాలి. ప్రయోగం విఫలమైతే ఎందుకు విఫలమైందో రాయాలి. ప్రొఫెసర్‌తో విభేదించవచ్చు, కానీ ఆధారం చూపాలి. పక్కవాడి అసైన్‌మెంట్ కాపీ కొడితే కోర్సే పోవచ్చు. గది అద్దె ఒప్పందం, వంట, చలి, ఒంటరితనం, వేరే దేశాల సహాధ్యాయులతో కలిసి పనిచేయడం, ఇవన్నీ రెండేళ్ళలో మనిషిని గట్టిపరుస్తాయి. ఆ అలవాట్లు ఏ దేశంలో ఉద్యోగం చేసినా తోడుంటాయి.

ప్రమాదం ఎక్కడుంది?

వీసాయే గమ్యమైన చోట. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మోసం బయటపడినప్పుడు, కొందరు మన విద్యార్థుల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారంలో పట్టుబడినవారిలోనూ తెలుగు పిల్లలు చాలామంది. తరగతులే జరగని కాలేజీలో చేరడం చదువు కాదని అందరం గట్టిగా అనుకుని ఉంటే, దళారుల మాట అంతదూరం చెల్లేది కాదు.

లెక్క కూడా తెలుసుకోండి. అమెరికాలో ఇంజినీరింగ్ ఎంఎస్ తర్వాత ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు, పొడిగింపు దొరికితే మరో 24 నెలలు పనిచేయవచ్చు. ఆపైన హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలి. అందులో ఏటా సాధారణ కోటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు అంతకన్నా చాలా ఎక్కువ. నిబంధనలేమో మారుతూనే ఉన్నాయి. ఆ వీసా వచ్చితీరుతుందన్న నమ్మకంతో ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టడం బిడ్డ మెడకు బండ కట్టి నీళ్ళలోకి దింపడమే. చాలా విద్యారుణాల్లో, వాయిదాలు ఆలస్యంగా మొదలైనా వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే పెరుగుతుంది.

మనం చేయవలసినవి

1. ముందు విషయం, తర్వాత దేశం. బ్రిడ్జిలా, బ్యాటరీలా, చిప్‌లా, నీటి శుద్ధా, తనకేది ఇష్టమో బిడ్డ తన మాటల్లో ఒక పేజీ రాయాలి. అది రాయలేకపోతే ఒకటి రెండేళ్ళు ఇక్కడే పనిచేసి, ఆ తర్వాత వెళ్ళడం మేలు.

2. ఒక్క అమెరికానే పట్టుకోవద్దు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండవచ్చు. జర్మన్ భాష నేర్చుకోవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

3. మనకున్న సాయం వాడుకుందాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల విదేశీ విద్యా పథకాలు ఆ రాష్ట్రాల స్థానికులకే. కానీ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2021లో తెచ్చిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు పథకం, పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నవారి కోసం పెట్టినది. విదేశీ చదువుకూ 10 లక్షల రూపాయల వరకు తక్కువ వడ్డీతో రుణం ఇస్తుంది. తెలుగువాళ్ళం కదా, మనకు వర్తించదని ఊరుకోవద్దు.

4. ఆడపిల్లకూ అదే అవకాశం. పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డతో మిగిలి, ఆపై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, 1943లో ఇంజినీరై, ఈ కలకత్తాలోనే ఏళ్ళ తరబడి పనిచేసిన తెలుగు మహిళ అయ్యలసోమయాజుల లలిత. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పనిలో ఆమె పాత్ర ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. కొడుక్కి ఎంఎస్, కూతురికి పెళ్ళి అనే లెక్కను మానుకుందాం.

5. ఉచిత సలహా కేంద్రం పెడదాం. ఆదివారం రెండు గంటలు, ఏదైనా హాలు చాలు. విదేశాల్లో చదువుతున్న మన పిల్లలు వీడియో కాల్‌లో మాట్లాడతారు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు రుణపత్రాలు చదివి వివరిస్తారు, ఇంజినీర్లు దరఖాస్తు వ్యాసాలు దిద్దుతారు. కమిషన్ తీసుకునే కన్సల్టెన్సీ మాట వినేముందు, కమిషన్ లేని మనిషి మాట వినే వీలు ప్రతి ఇంటికీ ఉండాలి.

ఆ కేంద్రం మొదలయ్యాక, ఫీజు కట్టకముందే అక్కడికి రండి, సంతకం పెట్టకముందే అడగండి. చదువుకుని స్థిరపడ్డవారు నెలకు ఒక్క ఆదివారం ఇవ్వండి. మన పిల్లల్ని పంపుదాం, తెలిసి పంపుదాం.

ఇట్లు,
షాలిమార్ పరిసరాల తెలుగు తల్లిదండ్రులు కొందరు