తెలుగు తరగతికి కొలత ఎవరు పెట్టాలి?



లాల్‌పేట్‌లో బొగ్గు సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2012 నుండి మన దేశంలో గనుల బొగ్గును దాని ఉష్ణ విలువను బట్టి జీ-1 మొదలు జీ-17 వరకు 17 శ్రేణులుగా విభజిస్తున్నారు. ఎన్ని టన్నులు తీశారన్నది ఒక లెక్క, ఎటువంటి బొగ్గు తీశారన్నది మరొక లెక్క. అయితే ఆ గని కుటుంబాల పిల్లలకు తెలుగు నేర్పే ఉపాధ్యాయుని పనిని మాత్రం మనము టన్నుల లెక్కతోనే తూస్తున్నాము: హాజరు పట్టీ, పూర్తయిన పాఠాలు, ఉత్తీర్ణత శాతం.

2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన 'శాలా సిద్ధి' పథకములో పాఠశాల 7 రంగాలలో తనను తాను మూల్యాంకనము చేసుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ దేశమంతటికీ ఒకటే చట్రము. మన పిల్లల చిక్కు దానికెలా తెలుస్తుంది? మరాఠీ కోసం నేర్చే దేవనాగరిలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేరు గుర్తులు వాడుకలో లేవు. కనుక రెండు లిపులు ఒకేసారి నేర్చే పిల్లవాడు 'మెడ'ను 'మేడ' అని, 'తెగ'ను 'తేగ' అని చదవడము సహజము. తెలుగు రాని పర్యవేక్షకుడు వెనుక బల్లపై కూర్చుంటే గట్టిగా చదువుతున్న పిల్లవాడిని చూసి సంతోషించి వెళ్తాడు.

అందువలన ప్రమాణాన్ని తెలుగు చెప్పే నలుగురు ఉపాధ్యాయులు కలిసి కూర్చుని వ్రాసుకోవాలి. మూడవ తరగతి ముగిసేసరికి పాఠ్యపుస్తకములో లేని పది వాక్యాలను హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు తప్పకుండా చదవాలి. చదివినదానిని సొంత మాటల్లో చెప్పాలి. (ఆ సొంత మాట ఇంట్లో పలికే తెలంగాణ తెలుగే అయితే దానిని తప్పుగా లెక్కించరాదు. ఇందులో నాకు రాజీ లేదు.) నెలకొకసారి ఒకరి తరగతికి మరొకరు వెళ్ళి, తాము ఎంచిన ఐదుగురు పిల్లల చేత చదివించి, విన్నది విన్నట్లు వ్రాయాలి.

తమ కొలత తామే పెట్టుకునేవారు దానిని తక్కువలో పెట్టుకుంటారని మీరు అనవచ్చు. ఆ అనుమానము న్యాయమైనదే. కనుకనే నమూనా తీసేవారు ఆ తరగతి ఉపాధ్యాయులు కారాదు. ప్రమాణాల కాగితము తల్లిదండ్రులకు కనబడేలా గోడపై ఉండాలి. అయితే ఎవరి తరగతిలో ఏ లోపము కనబడిందన్నది మొదట ఆ ఉపాధ్యాయునికే చెప్పి, సరిదిద్దుకొనుటకు రెండు నెలల గడువివ్వాలి. మొదటి నెలలోనే అది కార్యాలయపు ఫైలుకెక్కితే, రెండవ నెల నుండి పిల్లలందరూ చక్కగా చదువుతున్నట్లే వ్రాసుకుంటారు.