గుడ్లు మురిగితే పెట్టను శిక్షిస్తారా?

నాటుకోడిని పొదగేశాక 21 రోజులకు గుడ్లు పిల్లలు కావాలి. మరో రెండు మూడు రోజులు చూసినా ఒక్క గుడ్డూ చిట్లకపోతే అన్నీ మురిగినట్టే. గుడ్లను తీసి పారేస్తారు గానీ, పెట్ట మాత్రం గంపలోంచి లేవదు. ఖాళీ గంపలోని బూడిద మీదే రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది, చెయ్యి దగ్గరికొస్తే ఈకలు నిక్కబొడిచి పొడుస్తుంది. దాన్ని లేపడానికి నీళ్లలో ముంచడం, ముక్కు రంధ్రాల్లో ఈక దూర్చడం, రెండు రోజులు మేత మాన్పించడం ఇప్పటికీ చాలా ఊళ్లలో మామూలే. వీటిని మానేయాలి. జాలి ఒక్కటే అందుకు కారణం కాదు. తప్పు పెట్టది కాదు. పైగా ఆ శిక్షలతో సాధించేదంతా శిక్ష లేకుండానే సాధించవచ్చు.

గుడ్లు మురిగితే చాలామంది ఉరుముల వల్లే అంటారు. అందుకే గుడ్ల మధ్య ఇనుప ముక్కో బొగ్గో పెడతారు. మన దగ్గర ఎండాకాలంలో ఉరుములతో వానలు పడతాయి, గుడ్లు ఎక్కువగా మురిగేదీ అప్పుడే. కాబట్టి ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. కానీ అసలు దోషి ఎండ. గుడ్డులోని పిండం కదలడానికి పెట్ట కిందికే చేరనక్కర్లేదు, గది వేడి పాతిక డిగ్రీలు దాటితే చాలు. పూర్తిగా ఎదగడానికి మాత్రం 37 డిగ్రీలకు పైగా నిలకడైన వేడి కావాలి. రోజుకొకటి చొప్పున పన్నెండు, పదిహేను గుడ్లు పోగయ్యేదాకా మే నెలలో రేకుల కింద దాచితే, పిండం అరకొరగా ఎదిగి, పొదగేయకముందే చచ్చిపోతుంది. వారం దాటని గుడ్లను తడి ఇసుక పోసిన కుండలో చల్లగా ఉంచి పొదగేస్తే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూస్తే, బతికున్న గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ కనపడనిది వట్టి గుడ్డు. అన్నీ వట్టివే అయితే ఆ రోజే తెలుస్తుంది, పెట్టకు మిగతా రెండు వారాల ఉపవాసం తప్పుతుంది.

అది ఉపవాసమే. పొదిగే పెట్ట రోజుకు ఒకసారి కాసేపు లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి మళ్లీ కూర్చుంటుంది. మూడు వారాల్లో బాగా చిక్కుతుంది. దాన్ని కూర్చోబెట్టేది ప్రొలాక్టిన్ అనే హార్మోన్. గూడు, గుడ్లు, పొట్ట కింద వెచ్చదనం ఉన్నంతకాలం ఆ హార్మోన్ తగ్గదు, గుడ్లు పెట్టడం మొదలవదు. కాబట్టి చేయాల్సింది ఆ వెచ్చదనం లేకుండా చేయడం. అడుగున కూడా జాలీ ఉన్న పంజరాన్ని నాలుగు ఇటుకల మీద ఎత్తి, గడ్డీ ఊకా ఏమీ వేయకుండా, నీడలో గాలి ఆడేచోట పెట్టి, మేతా నీళ్లూ నిండుగా ఇస్తే మూడు నాలుగు రోజుల్లో చాలా పెట్టలు మామూలవుతాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత తొందరగా తేరుకుంటాయి.

ముంచితే లేవడం కళ్లారా చూశామని పెద్దవాళ్లు అంటారు. నిజమే, పొట్ట చల్లబడితే పొదిగే గుణం తగ్గుతుంది. వాళ్లు గమనించింది సరైనదే. కానీ ఆ చల్లదనం కాసేపే ఉంటుంది. ఈకలు తడిసి, బలహీనంగా ఉన్న కోడి జబ్బున పడే ప్రమాదం మాత్రం మిగులుతుంది. ముక్కులో ఈక దూర్చడానికి ఆ సమర్థనా లేదు. అక్కర్లేని బాధ పెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. ఇక వెంటనే ఇంకో విడత గుడ్లు పెడితే సరిపోదా అని అడిగేవారున్నారు. రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగలకపోతే, చలికాలమైతే, ఒప్పుకోవచ్చు. చిక్కిన పెట్టను మరో 21 రోజులు కూర్చోబెట్టడం మాత్రం దాని ప్రాణంతో ఆడుకోవడమే.

అన్నిటికంటే మంచి దారి మరొకటుంది. మూడు వారాలు కూర్చున్న పెట్ట పిల్లల కోసమే ఎదురుచూస్తుంటుంది. ఒకటి రెండు రోజుల వయసు పిల్లలను రాత్రిపూట దాని రెక్కల కిందికి చేర్చి, తెల్లవారకముందే వెళ్లి చూసుకుంటే, చాలావరకు తనవిగానే పెంచుతుంది. పొడిస్తే మాత్రం వెంటనే పిల్లలను తీసేయాలి. ఇంక్యుబేటర్లు వచ్చాక పెట్టతో పనేముందని వాదించేవారు ఈ సంగతి మరుస్తున్నారు. యంత్రం పిల్లలు చేస్తుంది, పెంచదు. కరెంటు పోయిన రాత్రి వెచ్చదనమిచ్చేది, గద్దను చూసి అరిచేది, గింజ చూపించేది తల్లే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి గానీ, పొదగడం అరుదు. పెరటి కోళ్ల పథకాల కింద ఇచ్చే ఇలాంటి పిల్లలను కొన్ని వారాలు షెడ్డులో పెంచి పంచుతుంటారు, ఆ పెంపకానికి ఖర్చవుతుంది. పొదుగు తప్పిన పెట్ట ఉన్న ఇల్లాలు అడిగితే, ఒక్కరోజు పిల్లలనే పది ఇచ్చే వెసులుబాటు పశుసంవర్ధక శాఖ కల్పించాలి. వారం లోపు కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు వేసే బాధ్యత ఊరి పశువైద్య సహాయకుడికి అప్పగించాలి.