జవాను పేరుతో వచ్చిన ఆర్డరు నిజమో కాదో మేం ఎవరిని అడగాలి?

గౌరవనీయులైన కేంద్ర రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,



నేను సికింద్రాబాద్‌లో చిన్న ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. టీ-షర్టులు, మగ్గులు, ఐడీ కార్డులు, షీల్డులు, బ్యానర్లు చేసి ఇస్తాం. మాలాంటి షాపులు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ చిన్న పట్నానికి వెళ్ళినా బస్టాండు పక్కనో, కాలేజీ రోడ్డులోనో కనిపిస్తాయి. సైన్యం పేరు చెప్పి, పెద్ద ఆర్డరు ఆశ చూపి, ఈ షాపులను దోచుకుంటున్న మోసం గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది పోలీసులకు రాయాల్సిన ఉత్తరం కదా అని మీ కార్యాలయంలో ఎవరికైనా అనిపించవచ్చు. మీకే ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియాలంటే ముందు ఆ మోసం ఎలా నడుస్తుందో వినాలి.

మొదట వాట్సాప్‌లో పలకరింపు వస్తుంది. ప్రొఫైల్ ఫోటోలో యూనిఫాం వేసుకున్న జవాను ఉంటాడు. తమ యూనిట్ ఆవిర్భావ దినం, రైజింగ్ డే, జరుగుతోందనో, క్రీడల పోటీలున్నాయనో చెప్పి రెండు వందల టీ-షర్టులో, నూట యాభై మగ్గులో కావాలంటాడు. డిజైన్ వెంటనే పంపుతాడు. రేటు దగ్గర బేరం పెట్టడు. మనం అడగకముందే ఆర్మీ గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్ ఫోటోలు వచ్చేస్తాయి. సరుకు తీసుకోవడానికి బండి పంపిస్తానని, అడ్వాన్సు ఈరోజే వేయిస్తానని అంటాడు.

కాసేపటికి అకౌంట్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంటూ ఇంకొకరు ఫోను చేస్తారు. సైన్యంలో చెల్లింపు పద్ధతి వేరని, ముందు షాపువాళ్ళ ఖాతా సరిచూడాలని, ఒక్క రూపాయి పంపమని అడుగుతారు. పంపితే రెండు రూపాయలు తిరిగి వస్తాయి. అక్కడ నమ్మకం కుదురుతుంది. తర్వాత అడ్వాన్సుకు సమానమైన మొత్తం పంపితే రెట్టింపు జమ అవుతుందంటారు, లేదా ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు వెళ్ళిపోగానే ఎంట్రీ తప్పు పడిందని, ఇంకోసారి పంపితే రెండూ కలిపి వస్తాయని తొందరపెడతారు. పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆరాటంతో మళ్ళీ పంపేవాళ్ళున్నారు. ఇంకొందరి దగ్గర లోపలికి వచ్చే గేట్ పాస్ కోసం డిపాజిట్ కట్టించుకుంటారు. మరికొందరికి బ్యాంకు నుంచి వచ్చినట్టుండే మెసేజ్ పంపి, పొరపాటున ఎక్కువ వేశామని, మిగతాది తిరిగి పంపమని బతిమాలతారు.

ఈ మోసం ప్రింటింగ్ షాపులను ఎక్కువ దెబ్బ తీయడానికి కారణం మా పని స్వభావంలోనే ఉంది. కిరాణా దుకాణంలో ఒకరు కొనని బియ్యం బస్తాను ఇంకొకరు కొంటారు. యూనిట్ పేరు, చిహ్నం, తేదీ అచ్చేసిన టీ-షర్టును ఎవరూ కొనరు. తిరుప్పూరు నుంచి తెప్పించిన ప్లెయిన్ సరుకు మీద రంగు పడిన క్షణం నుంచి అది ఆ ఒక్క కస్టమర్ కోసమే. అందుకే అడ్వాన్సు లేనిదే మేం పని మొదలుపెట్టలేం. మోసగాడికి మా ఈ అవసరం బాగా తెలుసు. అడ్వాన్సు గురించి మాట్లాడే ఆ పది నిమిషాల్లోనే మమ్మల్ని పట్టుకుంటాడు. పైగా స్కూళ్ళు, కాలేజీలు మూతబడే నెలల్లో గిరాకీ ఉండదు. అలాంటప్పుడు ఒక్క పెద్ద ఆర్డరు వస్తే షాపు అద్దె, కుర్రాళ్ళ జీతాలు గడుస్తాయి. సరుకు సిద్ధం చేశాక మోసం బయటపడితే ఖాతాలో పోయిన డబ్బుకు తోడు వృథా అయిన సరుకు, అప్పు మీద తెచ్చిన పెట్టుబడి కూడా నెత్తిన పడతాయి.

అయినా మోసగాడు బ్యాంకు మేనేజరునని చెబితే ఇంతగా నమ్మేవాళ్ళం కాదు. ఐటీ కంపెనీ పేరు చెబితే జీఎస్టీ నంబరు అడిగేవాళ్ళం. సైన్యం అనగానే నోరు మెదపం. తెలుగునాట ఆ గౌరవం ఊరికే రాలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ తన బిడ్డలను పంపింది. జనం ఆ ఊరిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. అమర జవాను పార్థివదేహం సొంతూరికి వస్తోందని తెలిస్తే, ఆ రాత్రి నిద్ర మానుకుని నివాళి ఫ్లెక్సీలు వేసేది మాలాంటి షాపులవాళ్ళే. అలాంటివాళ్ళం, సరిహద్దులో ఉన్నానని చెప్పిన మనిషిని అనుమానించి ప్రశ్నలడగడానికి సిగ్గుపడతాం. దొంగలు దోచుకుంటున్నది ఆ సిగ్గునే. వాళ్ళు పంపే కార్డుల్లో కొన్ని నిజమైన జవాన్లవి కావచ్చు. అలాంటప్పుడు ఎక్కడో మంచులో కాపలా కాస్తున్న మనిషి పేరు ఇక్కడ దొంగగా ప్రచారమవుతుంది. అంటే ఈ నేరంలో బాధితులు మేమొక్కళ్ళమే కాదు, మీ జవాన్లు కూడా. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం ఇదే.

మిగతా వ్యవస్థలు చేయగలిగింది కొంత చేశాయి. వ్యక్తుల మధ్య యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను, ఆ వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. ఆ దారి మూసుకుపోయినా, మాటలతో నమ్మించి నేరుగా పంపించుకునే దారి తెరిచే ఉంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తే ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపే ప్రయత్నం జరుగుతుంది. అనుమానం వచ్చిన కాల్ గురించి టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, చక్షు అనే విభాగంలో చెప్పవచ్చు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫోను నంబరు, యూపీఐ ఐడీ వెతికి చూసుకోవచ్చు. అయితే అంతకుముందు ఎవరో ఫిర్యాదు చేసిన నంబరైతేనే అక్కడ దొరుకుతుంది. నిన్న కొన్న సిమ్‌తో ఫోను చేసేవాడు అందులో ఉండడు. చట్టాల్లోనూ లోటు లేదు. మారుపేరుతో చేసే మోసానికి భారతీయ న్యాయ సంహితలో 319వ సెక్షన్, ఐటీ చట్టంలో 66డి ఉన్నాయి. నష్టం భర్తీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మేం మిగిలిపోతాం. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు రక్షణ కల్పిస్తూ 2017లో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఇచ్చింది. చేతులారా పిన్ కొట్టిన మాలాంటివాళ్ళు ఆ రక్షణ అడగబోతే బ్యాంకులు తప్పు మీదేనంటాయి.

ఇన్ని ఏర్పాట్లున్నా ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పేవాళ్ళు లేరు. ఈ ఆర్డరు నిజంగా సైన్యం నుంచి వచ్చిందా? పోలీసులు దీనికి జవాబు చెప్పలేరు, బ్యాంకు చెప్పలేదు, ఎన్‌పీసీఐ చెప్పలేదు. చెప్పగలిగింది మీ శాఖ ఒక్కటే.

సికింద్రాబాద్ చుట్టూ తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంట్ ప్రాంతాలున్నాయి. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఉంది. ఈ ఊళ్ళలో షాపులకు సైనిక యూనిట్ల నుంచి నిజమైన ఆర్డర్లు కూడా వస్తాయి. కాబట్టి సైన్యం పేరుతో ఫోను వస్తే పెట్టేయండి అని మాకు చెప్పి ఊరుకోవడం సరిపోదు. అలా చేస్తే నిజమైన గిరాకీ పోతుంది, నిజమైన జవానును అవమానించినట్టూ అవుతుంది. మాకు కావాల్సింది అడిగి తెలుసుకునే చోటు. అందుకే నాలుగు పనులు చేయమని వేడుకుంటున్నాను.

మొదటిది, ఒక స్పష్టమైన ప్రకటన. సైన్యానికి సరుకు అమ్మేవాళ్ళను ఏ యూనిట్ కూడా ముందు డబ్బు పంపమనదు, క్యూఆర్ స్కాన్ చేయమనదు, ఖాతా సరిచూడటానికి రూపాయి అడగదు అని మీ పేరుతో రావాలి. తెలుగులోనూ, ఇతర భారతీయ భాషల్లోనూ రావాలి. ఆ కాగితాన్ని మా గల్లా పెట్టె పైన అంటించుకుంటాం. రేపు ఫోను చేసినవాడు మా పద్ధతి వేరంటే, మంత్రిగారే ఇలా చెప్పారని జవాబివ్వగలుగుతాం.

రెండోది, ప్రతి స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో వ్యాపారుల కోసం ఒక ఫోను నంబరు, ఒక ఈ-మెయిల్. ఆర్డరు కాగితం అక్కడికి పంపితే ఒక పనిదినంలో అవుననో కాదనో చెబితే చాలు. సికింద్రాబాద్‌లోని తెలంగాణ, ఆంధ్ర సబ్ ఏరియా ప్రధాన కార్యాలయం నుంచే దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టవచ్చు. భద్రతా రహస్యాలు బయటపడతాయన్న సందేహం రావచ్చు. యూనిట్ ఎక్కడుందో, ఎంతమంది ఉన్నారో మాకు అక్కర్లేదు. ఆ కాగితం మీదో కాదో ఒక్క ముక్కలో చెబితే ఏ రహస్యమూ పోదు.

మూడోది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల సాయం. కంటోన్మెంట్ లేని జిల్లాల్లో మాజీ సైనికులకు తెలిసిన చోటు అదే. యూనిట్ నుంచి వచ్చే కాగితం ఎలా ఉంటుందో, హోదాలు ఎలా రాస్తారో, డబ్బు ఎలా చెల్లిస్తారో మాజీ సైనికులు ఇట్టే చెప్పగలరు. వాళ్ళు ముందుకు వస్తే వ్యాపారుల సంఘాలతో కలిసి ఒక పూట కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు.

నాలుగోది, మోసాల్లో వాడిన గుర్తింపు కార్డుల వివరాలు పోలీసుల నుంచి మీ శాఖకు, మీ నుంచి ఆ జవానుకు చేరే ఏర్పాటు. తన పేరు దుర్వినియోగమైందని తెలిసిన జవాను ఫిర్యాదు చేయగలడు, తన పరువు కాపాడుకోగలడు.

అత్యాశకు పోయి మోసపోయారని మమ్మల్ని తేలిగ్గా అనేవాళ్ళున్నారు. రెండు వందల టీ-షర్టుల ఆర్డరు కోరుకోవడం అత్యాశ కాదు. అది మా బతుకుదెరువు. మేం లాటరీకి ఆశపడలేదు, చేయబోయే పనికి కూలి అడిగాం. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళలో ఎంతోమంది నలుగురూ నవ్వుతారని ఫిర్యాదు కూడా చేయరు. అలా నోరు మూసుకున్న ప్రతి షాపూ తర్వాతి షాపును దొంగకు అప్పగిస్తోంది. ప్రభుత్వం ముందుకొచ్చి ఇది మీ తప్పు కాదు, మా పేరు దొంగిలించినవాడి తప్పు అంటే, వాళ్ళు 1930కి ఫోను చేయడానికి వెనకాడరు.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకుంటున్నాం. 1949 నుంచి వస్తున్న ఆ రోజున చిన్న దుకాణాల వాళ్ళూ తోచినంత విరాళమిచ్చి బుల్లి జెండాను చొక్కాకు తగిలించుకుంటారు. ఈసారి ఆ రోజున మొదటి ప్రకటన చేయండి, సికింద్రాబాద్‌లో ఫోను నంబరు ప్రారంభించండి. తెలుగు ప్రకటనను ఊరూరా అచ్చువేసి పంచే పని మాకు వదిలేయండి. దానికి మీ శాఖ ఒక్క పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. నా వంతు నేను వేస్తాను, తోటి షాపులవాళ్ళను నేనే అడుగుతాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

సికింద్రాబాద్‌లో ప్రింటింగ్ షాపు నడిపే ఒక పౌరురాలు