కోర్టు మెట్లెక్కని బాకీ

విశాఖలో అరువు లేనిదే వ్యాపారం నడవదు. పూర్ణా మార్కెట్‌లో కిరాణా కొట్టు మొదలు గాజువాక ఆటోనగర్‌లో ఇనుప సామాను చేసే షెడ్డు దాకా ‘సరుకు ఈవేళ, డబ్బు వచ్చే నెల’ అన్నదే పద్ధతి. ఆ వచ్చే నెల కాస్తా ఆర్నెల్లయితే? దానికీ దారులున్నాయి. బిల్లు ఉంటుంది, ప్రామిసరీ నోటు ఉంటుంది. మూడేళ్లలోపు కోర్టులో దావా వేయొచ్చు. చిన్న పరిశ్రమలవాళ్లకైతే 2006లో వచ్చిన చట్టం ఇంకో ఆసరా. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటి బాకీ ఉంచకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి.

ఈ ఊరికి ఎగువన, కొండల్లో ఇంకో వ్యాపారం సాగుతోంది. అందులోనూ పెట్టుబడులున్నాయి, అడ్వాన్సులున్నాయి, అరువులున్నాయి. అదే గంజాయి. మరి ఆ వ్యాపారంలో బాకీ పడితే ఎవరికి చెప్పుకోవాలి?

ఎవరికీ చెప్పుకోలేరు. దొంగకు తేలు కుట్టినట్టే.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 23వ సెక్షన్ సంగతి తేల్చేసింది. చట్టం నిషేధించిన పనికోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. స్టాంపు కాగితం మీద రాసుకున్నా, నలుగురు సాక్షి సంతకాలు పెట్టినా అంతే. సంగతి తెలిసే డబ్బు పెట్టినవాడు ‘పోనీ, నా అసలైనా ఇప్పించండి’ అని అడిగినా కోర్టు చేయి అందించదు. తప్పుడు పనిలో భాగస్థుల లెక్కలు సరిచేయడం న్యాయస్థానం పని కాదు మరి.

పోయేది డబ్బొక్కటే అయితే బాగుండును. మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 27ఎ సెక్షన్ అని ఒకటుంది. ఈ రవాణాకు నేరుగాగానీ, చాటుగాగానీ డబ్బు సమకూర్చినవాళ్లకు పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష నుంచి రెండు లక్షల దాకా జరిమానా. బెయిలు దొరకడమూ కష్టమే. అంటే ‘నేను అప్పిచ్చాను, వాడు ఎగ్గొట్టాడు’ అని ఫిర్యాదు చేయడమంటే తన నేరం తానే రాసి ఇచ్చినట్టు.

కోర్టు లేనిచోట వసూలుకు మిగిలేవి రెండే. ఒకటి బెదిరింపు, రెండు చాకిరీ. ‘డబ్బు లేదా? అయితే ఈ బ్యాగు హైదరాబాద్‌లో దింపి రా, బాకీ చెల్లు’ అంటారు. బ్యాగులో సరుకు 20 కిలోలు దాటితే పట్టుబడ్డ కుర్రాడికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు. వేలల్లో ఉన్న అప్పుకు వయసంతా వడ్డీ!

కొండమీద పరిస్థితి ఇంకా దయనీయం. పాడేరు, చింతపల్లి, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాలు 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలోవే. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడి గిరిజనులకు విత్తనం, పెట్టుబడి ఇచ్చి గంజాయి పండించేది బయటి వ్యాపారులేనని పోలీసులు ఏళ్లుగా చెబుతున్నారు. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో దాడులు మొదలుపెట్టి 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికేశామని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. సరుకు కాలిపోయింది సరే, దాని మీద తీసుకున్న అడ్వాన్సు మాటేమిటి?

చట్టం ప్రకారం ఆ అడ్వాన్సు బాకీయే కాదు. గంజాయి ఒప్పందం ఎలాగూ చెల్లదు. పైగా షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలని 1960లోనే నిబంధనలు వచ్చాయి. ఆ సొమ్ము కట్టమని ఏ కోర్టూ రైతును అడగదు. కానీ ఆ మాట రైతుకు చెప్పేవాళ్లేరీ? అతనికి కనిపించేది ఇంటి ముందుకొచ్చి నిలబడ్డ వ్యాపారి. ఆ బాకీ తీర్చడానికి మళ్లీ అదే పంట వేస్తే, సాగు చేసినందుకే పదేళ్ల దాకా శిక్ష.

కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఓపిక పట్టాలి. గంజాయి ఆర్నెల్లలో చేతికొస్తుంది. ఆశ పుట్టేది అక్కడే. అయితే కాఫీలో తూకం ఉంది, రసీదు ఉంది. కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. డబ్బు ఆలస్యమైతే నిలదీసి అడగొచ్చు. అడిగే హక్కుండటమే అసలైన లాభం.

గంజాయిని చట్టబద్ధం చేసిన దేశాల్లోనూ బాకీల గొడవ తప్పలేదు. కెనడా 2018లో అనుమతించింది గనుక అక్కడ బాకీ పడ్డ కంపెనీని మామూలు వ్యాపారిలాగే కోర్టుకు లాగొచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు. దివాలా కోర్టులు ఫెడరల్ పరిధిలోవి. అందుకే లైసెన్సున్న గంజాయి కొట్టు మునిగిపోయినా వాటి గడప తొక్కనివ్వరు. అప్పులవాళ్లు రాష్ట్ర కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. లైసెన్సు ఉన్నవాళ్ల గతే అదైతే, ఇక్కడ చాటుగా నడిపేవాళ్ల సంగతి చెప్పేదేముంది?

ఇదంతా మనకెందుకులే అనుకోవడానికి లేదు. ‘పది రోజుల్లో రెట్టింపు ఇస్తా’ అని స్నేహితుడు చేబదులు అడిగితే, ఎందుకని ఒక్క ప్రశ్న వేయాలి. కారో, ఆటోనో అద్దెకిచ్చేవాళ్లు తీసుకునేవాళ్ల వివరాలు రాసి ఉంచుకోవాలి. తెలిసే ఇస్తే యజమానీ ముద్దాయే. తెలియక ఇచ్చినా, తగిన జాగ్రత్తలు తీసుకున్నానని రుజువు చేసుకోకపోతే బండి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంట్లో కుర్రాడు ఉన్నట్టుండి ‘బాకీ తీరిపోయిందమ్మా’ అంటే సంతోషించేముందు, ఎలా తీరిందో కూర్చోబెట్టి అడగాలి.

అప్పటికే ఉచ్చులో పడి ఉంటే దాచిపెట్టకండి. రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972. అలవాటు మాన్పించడానికి సాయం కావాలంటే 14446. కొద్ది మొత్తంతో పట్టుబడ్డ వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిచ్చే సెక్షన్ కూడా ఆ కఠిన చట్టంలోనే ఉంది. అదే 64ఎ. బెదిరించి వసూలు చేసే వ్యాపారికి మాత్రం అందులో ఏ మినహాయింపూ లేదు. ఆ సంగతి అప్పులవాడి కన్నా ముందు అప్పుపడ్డ కుటుంబానికి తెలియాలి.